‘లేచింది’కీ ‘లేచిపోయింది’కీ తేడా

“పొద్దున్నే ఆ పిల్ల లేచింది” అంటే ఎవరూ తలెత్తి చూడరు. “పొద్దున్నే ఆ పిల్ల లేచిపోయింది” అనండి! వీధి వీధంతా గుమ్మాల్లోకి వస్తుంది. క్రియ పక్కన చేరింది ఓ చిన్న ‘పోయింది’. అంతే, ఓ ఇంటి పరువు గంగలో కలిసింది.

ఈ తేడా మనకి ఎవరు నేర్పారు? ఏ బళ్ళో చెప్పారు? ఎవరూ నేర్పలేదు. పాలతో పాటు వచ్చింది. ఇదే విద్య ఇంగ్లీషులో ఎదురయ్యేసరికి మాత్రం మన పిల్లలు ఏడుపు మొహాలు పెడుతున్నారు. ఎందుకు పెడుతున్నారో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

ఖమ్మం, మధిరల మధ్య రైలు దారి మీద ఉన్న బోనకల్ మా ఊరు. ఆ మధ్య ఓ సాయంత్రం మా పక్కింటావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పొద్దంతా మిరప కోతకి వెళ్ళొచ్చిన చేతులు, ఇంకా మండుతున్నాయేమో, కొంగుతో ఒత్తుకుంటూనే ఉంది.

“అక్కా, దీనికి రేపు పరీక్షంట. ఒకటే మాట, పదిసార్లు పది అర్థాలు రాసుంది. బట్టీ పట్టలేక ఏడుస్తంది. నాకేమో చదువు రాదాయె. నువ్వన్నా చూడు” అంది.

నోట్సు తీసి చూశాను. ‘పుట్ ఆన్’, ‘పుట్ ఆఫ్’, ‘పుట్ అవుట్’, ‘పుట్ అప్ విత్’... వరసగా నలభై ఉన్నాయి. ఎదురుగా అర్థాలు, అవీ ఇంగ్లీషులోనే! పుట్ ఆఫ్ అంటే పోస్ట్‌పోన్‌ట. పుట్ అవుట్ అంటే ఎక్స్‌టింగ్విష్‌ట. తెలియని మాటకి అంతకన్నా తెలియని మాట అర్థం! ఎనిమిదో తరగతి పిల్ల ఏడవక ఏం చేస్తుంది?

వీటిని ఇంగ్లీషులో ‘ఫ్రేజల్ వెర్బ్’లంటారు. వీటికి జడిసింది మన పిల్లలొక్కళ్ళే కాదు. 1755లో తన నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సన్ గారే, పరదేశస్థులకి తమ భాషలో అన్నిటికన్నా కష్టమైనది ఇదేనని పీఠికలో ఒప్పుకున్నాడు.

కాని మనం పూర్తిగా పరదేశస్థులం కామని నా వాదన. ఈ ఒక్క విషయంలో మనం వాళ్ళకి దగ్గర చుట్టాలం.

ఆ పిల్లనే అడిగాను: “మీ అమ్మ ‘అన్నం తిను’ అంటుందా, ‘తినేయ్’ అంటుందా?”

“బస్సు వచ్చే వేళైతే తినేయ్ అంటది.”

“తినేయ్‌లో ఉన్నది ‘వేయు’. మరి నువ్వు అన్నం ఎక్కడైనా విసిరేస్తున్నావా?”

నవ్వింది. లేదు. అక్కడ ‘వేయు’ అంటే విసరడం కాదు, మిగల్చకుండా పని పూర్తిచెయ్యడం. ఇంగ్లీషువాడి ‘ఈట్ అప్’ అచ్చంగా అదే. అందులో ‘అప్’ అంటే పైకి కాదు. తాగేయ్ అంటే డ్రింక్ అప్. చింపేయ్ అంటే టేర్ అప్. వెళ్ళిపో అంటే గో అవే. పారేయ్ అంటే త్రో అవే. రాసుకో అంటే రైట్ డౌన్. పది నిమిషాల్లో పిల్ల తనే నాకు చెప్పడం మొదలుపెట్టింది. పక్కన తల్లి, చదువు రాదన్న ఆవిడే, “మరి ఆర్పేయ్ ఏదే? అది పుట్ అవుటా?” అని అందుకుంది. అందుకున్నప్పుడు ఆవిడ మొహం చూడాలి మీరు!

ఇంకో చిక్కు కూడా విడదీశాం. ‘రన్ అప్ ది హిల్’ అంటే కొండ పైకి పరుగెత్తడం. ‘రన్ అప్ ఎ బిల్’ అంటే కొట్లో బాకీ పెంచేయడం. చూడటానికి రెండూ కవల పిల్లలు. తెలుగులో పెట్టి చూడండి, గుట్టు బయటపడుతుంది. కొండ ‘పైకి’ అన్నప్పుడు ఆ చిన్న మాట కొండని పట్టుకుంది. ‘పెంచేయ్’ అన్నప్పుడు క్రియని పట్టుకుంది. ఒకటి నామవాచకం వైపు చుట్టం, రెండోది క్రియ వైపు చుట్టం, ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ లాగా. క్రియ వైపు చుట్టానికి కాస్త స్వేచ్ఛ ఎక్కువ. ‘టర్న్ ఆఫ్ ది ఫ్యాన్’ అనొచ్చు, ‘టర్న్ ది ఫ్యాన్ ఆఫ్’ అనీ అనొచ్చు. ఫ్యాన్ బదులు ‘ఇట్’ వస్తే మాత్రం మధ్యలోనే కూర్చోబెట్టాలి, ‘టర్న్ ఇట్ ఆఫ్’. నామవాచకం వైపు చుట్టానికి ఆ వీలు లేదు. ‘రన్ ది హిల్ అప్’ అంటే నవ్వుతారు.

ఈ కిటుకు అన్నిచోట్లా పారదు, ఒప్పుకుంటాను. ‘లుక్ ఆఫ్టర్ ది బేబీ’కి మనం ‘బిడ్డను చూసుకో’ అంటాం. తెలుగులో చిన్న మాట క్రియనే అంటిపెట్టుకుంది కదా అని ‘లుక్ ది బేబీ ఆఫ్టర్’ అంటే తప్పు. ‘పుట్ అప్ విత్’ అంటే భరించడం అని ఏ తర్కమూ చెప్పదు, నేర్చుకోవలసిందే. నలభైలో పది బట్టీ పట్టడం వేరు, నలభైకి నలభై పట్టడం వేరు కదండీ!

ఇక అసలు సంగతి. మర్నాడు ఆ పిల్ల నోట్సులో ప్రతి మాట పక్కనా తెలుగు రాసుకుని బడికి వెళ్ళింది. సాయంత్రం వచ్చేసరికి అదంతా రబ్బరుతో చెరిపేసి ఉంది. “ఇంగ్లీషు క్లాసులో తెలుగేమిటి?” అన్నారట. ఏ బడో, ఎవరన్నారో చెప్పను. ఆ మాట అనే బళ్ళు ఊరికి రెండున్నాయి.

తెలుగులో చెబితే పిల్లలు తెలుగులోనే ఆలోచిస్తారట, ఇంగ్లీషు రాదట! అయ్యా, చెప్పకపోయినా వాళ్ళు తెలుగులోనే ఆలోచిస్తారు, కాకపోతే దొంగచాటుగా. ‘నా మీద కోపం’ అనుకుని ‘యాంగ్రీ ఆన్ మీ’ అంటారు. ‘దాని గురించి చర్చించాం’ అనుకుని ‘డిస్కస్డ్ అబౌట్ ఇట్’ అంటారు. డిగ్రీలున్న మా శ్రీవారూ అంటారు, నేనూ అన్నాను. మన ‘మీద’ అన్నిచోట్లా వాళ్ళ ‘ఆన్’ కాదని, వాళ్ళ ‘డిస్కస్’ కడుపులోనే మన ‘గురించి’ ఉందని, రెండూ పక్కపక్కన పెట్టి ఎవరైనా చెప్పి ఉంటే ఆ తప్పులు వచ్చేవా?

సి.పి. బ్రౌన్ దొర 1820లో కడపకి వచ్చాడు. తెలుగు మాటల పక్కన ఇంగ్లీషు అర్థాలు రాసుకుంటూ పోయాడు. అదే 1852లో అచ్చయిన ఆయన నిఘంటువు. తెలుగు నేర్చుకునేవాడు ఇంగ్లీషు రాయడమేమిటని ఆయన కాగితాలు ఎవరైనా చెరిపారా? పైగా విగ్రహం పెట్టి దండలు వేస్తున్నాం. దొర చేస్తే పాండిత్యం, మిరప కూలీ కూతురు చేస్తే తప్పా?

2022–23 నుంచి తెలంగాణలో సర్కారు బళ్ళలో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. నేను కాదనను. రావలసిందే, పిల్లలు పైకి రావాలి. ఆ మార్పు తెచ్చినవాళ్ళే పాఠ్యపుస్తకాల్లో ఇంగ్లీషుకి ఎదురుగా తెలుగు కూడా అచ్చువేశారు. అచ్చులో ఉంటే ముద్దు, పిల్ల చేతి రాతలో ఉంటే చేదా?

నా బాధ ఒక్కటే. చెరిపింది తెలుగు అక్షరాలు మాత్రమే కాదు. ఆ తల్లి తన బిడ్డ చదువులో మొట్టమొదటిసారి ఓ మాట అందుకుంది. అదీ చెరిపారు. బిడ్డకి వండిపెట్టడానికి, ఫీజు కట్టడానికి అమ్మ కావాలి, చదువు దగ్గరికి వచ్చేసరికి అక్కర్లేదు! అన్నట్టు ‘వండుకోవడం’ వేరు, ‘వండిపెట్టడం’ వేరు. మన ఆడవాళ్ళ జన్మంతా ఆ ‘పెట్టు’లో ఉంది. దానికి సరిపడే చిన్న మాట ఇంగ్లీషువాడి దగ్గర నాకు దొరకలేదు. అంత గడుసు భాష నోట్లో పెట్టుకుని మనకేం తెలుసని వెనక్కి తగ్గుతామెందుకు?

అందుకని అమ్మలూ, ఈ రాత్రి అన్నాలయ్యాక పిల్లల నోట్సు అడగండి. ‘దీన్ని మనం ఏమంటాం?’ అని అడగండి. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, ఆ ప్రశ్నకి ఇంగ్లీషు అక్కర్లేదు. వాళ్ళు చెప్పింది పక్కన రాయించండి.

మా పక్కింటి పిల్ల మళ్ళీ రాసుకుంటోంది. ఈసారి పెన్సిలు వద్దన్నాను. పెన్నుతో రాయమన్నాను.