ఆరో గది ఖాళీ

మా సింగరాయకొండలో కౌబాయ్ అంటే 1971లో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’, అందులో కృష్ణ. టెక్సస్‌లో ఉన్న మా మేనల్లుడికి మాత్రం అది సెలవురోజు ఆట. టోపీ, బూట్లు, ఒక మారుపేరు, నడుముకి రెండు రివాల్వర్లు! అవి 1873 నాటి కోల్ట్‌కి ఇటలీలో ఉబెర్టీవారు చేసే నకళ్ళు. ప్రతి గుండుకీ బొటనవేలితో సుత్తి వెనక్కి లాగాల్సిందే.

కొత్తవి బిగువుగా ఉన్నాయని లోపలి స్ప్రింగు మార్పించాడు. వేలికి సుఖమే. కాని మరీ మెత్తనైతే దెబ్బ చాలక తూటా పేలదు. తప్పిన ప్రతి గుండుకీ అయిదు సెకన్లు జరిమానా. అంచేత పనివాడు స్ప్రింగు కొంచెమే తగ్గించి, రాపిడి పడేచోట నున్నగా సానబట్టాడు.

“ఆరు గదులుంటే అయిదే నింపుతావేంరా?” అన్నాను.

“సుత్తి కింద తూటా ఉంటే, తుపాకి జారిపడ్డా పేలొచ్చు మావయ్యా. 1987లో పుట్టిన మా సొసైటీ నిబంధన కూడా అదే.”

“ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల తిరుగుతోంది. ఇక్కడ ఆ అయిదూ ఖాళీయేనా?” అంది మా అక్కయ్య.

వాడు మాట్లాడకుండా ఇనప్పెట్టె తెరిచి, ఒక్కొక్క గదీ తిప్పి చూపించాడు. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళం కింద ఉన్నాయి.

చూశారూ, వేగానికి బోలెడు ఖర్చయింది. ప్రాణం కాచే ఖాళీ గదికి దమ్మిడీ ఖర్చు లేదు!