గాలం వేస్తే సోమరి, ఫ్లై రాడ్ పడితే స్పోర్ట్స్‌మనా?

మొన్న శుక్రవారం ఆఫీసు క్యాంటీన్లో మా టీమ్ మిత్రుడొకడు బల్ల గుద్ది మరీ చెప్పాడు. "మీ హార్స్‌లీ కొండ మీద చల్లగా ఉంటుంది కదా, అక్కడి చెరువులో ఓ నాలుగు వేల ట్రౌట్ పిల్లల్ని వదిలేస్తే చాలు మచ్చా, మనం మున్నారు దాకా పోయే పని తప్పుతుంది." పక్కనున్న ముగ్గురూ తలలూపారు. ఒకడైతే అప్పుడే ఫోన్లో చేపపిల్లల ధర వెతకడం మొదలుపెట్టాడు. నేను సాంబారన్నం సగంలో వదిలేసి వాదించాను. వాదన తెగలేదు, అన్నం మాత్రం చల్లారిపోయింది. ఆ మిగిలిపోయిన వాదనే ఈ టపా.

మాది మదనపల్లె పక్కన నిమ్మనపల్లె. బాహుదా రిజర్వాయరు మా మండలంలోనే ఉంది. కాబట్టి ఆ కొండల గురించీ ఆ నీళ్ల గురించీ మాట్లాడే హక్కు నాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటాను :)

ముందే చెప్పేస్తున్నా, ట్రౌట్ మీద నాకే పగా లేదు. పోర్ట్‌లాండ్‌లో రెండేళ్లు ఆన్‌సైట్ ఉన్నప్పుడు డెషూట్స్ నదిలో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఫ్లై ఫిషింగ్ నేర్చుకున్నవాణ్ణి. మొదటి మూడు శనివారాలు నా కొక్కెం నా టోపీకీ, వెనకున్న చెట్టుకీ తగిలింది గానీ చేపకి తగల్లేదు. మామూలు గాలంలో బరువు ఎరలోనో సీసపు గుండులోనో ఉంటుంది, దారం దాని వెంట పోతుంది. ఇక్కడ వ్యవహారం తిరగబడుతుంది. ఫ్లై అంటే కొక్కేనికి ఈకలూ వెంట్రుకలూ చుట్టి చేసిన పురుగు బొమ్మ. దానికి బరువుండదు. బరువంతా లావుపాటి దారంలోనే. కడ్డీని వెనక్కి ఊపి, దారం వెనకాల బారుగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకి విసరాలి. ఆ ఆగడంలోనే ఉంది విద్యంతా. డెడ్‌లైన్ల మధ్య బతికేవాళ్లకి ఆగడం ఎక్కడొస్తుంది? నాలుగో శనివారం ఒక అడుగు పొడవున్న రెయిన్‌బో ట్రౌట్ పడింది. చేతులు తడుపుకుని పట్టుకున్నాను, పక్కలమ్మట ఆ గులాబీ చార చూసుకున్నాను, వదిలేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

అందుకే నాకు మండింది. ట్రౌట్ గురించి ఏమీ తెలియనివాడు అలా అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. మూడు సార్లు తీర్థన్ లోయకి వెళ్లొచ్చి, ముప్పై వేల రూపాయల రాడ్డు కొన్నవాడు అనడమే బాధ.

లెక్కలోకి వద్దాం. ట్రౌట్‌కి హాయిగా ఉండేది 10 నుంచి 16 డిగ్రీల నీళ్లు. 20 దాటితే ఆయాసం మొదలు, 25 దగ్గర ప్రాణం మీదికొస్తుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 10 డిగ్రీల దగ్గర లీటరుకి 11 మిల్లీగ్రాముల దాకా ఉండేది 30 దగ్గర ఏడున్నరకి పడిపోతుంది. హార్స్‌లీ కొండ ఎత్తు నాలుగు వేల అడుగుల పైచిలుకు. మదనపల్లె ఎండలో మాడి పైకెక్కినవాడికి అది ఊటీయే. కానీ ఏప్రిల్ మధ్యాహ్నం అక్కడా 30 డిగ్రీలు దాటుతుంది. నీలగిరుల్లో, మున్నారు పైన ట్రౌట్ బతికే వాగులు ఆరు వేల అడుగుల పైన ఉన్నాయి, పైగా అవి పారే నీళ్లు. మన కొండ మీదున్నది నిలవ నీరు. చలికి మనం శాలువా కప్పుకున్నంత మాత్రాన చేపకి చలేసినట్టా?

"మరి హైదరాబాద్ పక్కన కందుకూరులో పెంచుతున్నారు కదా?" అని ఇంకొకడు అందుకున్నాడు. పెంచుతున్నారు, నిజమే. షెడ్డులో, తొట్లలో, నీళ్లని చల్లబరిచి వడగట్టి మళ్లీ మళ్లీ తిప్పుతూ పెంచుతున్నారు. ఏసీ గదిలో సర్వర్ నడుస్తోంది కదా అని దాన్ని తెచ్చి మా ఊరి గట్టు మీద పెడతామా?

అన్నట్టు, మనవాళ్లు ట్రౌట్ ఏదో హిమాలయాల్లో పుట్టిన చేపన్నట్టు మాట్లాడతారు. మన దేశంలో ఒక్క ట్రౌటూ పుట్టలేదు. స్నో ట్రౌట్ అనేదొకటుంది గానీ అది పేరుకే ట్రౌట్, కులం చూస్తే మన గెండె, బొచ్చెల కులం. అసలు ట్రౌట్ దొరలు తెచ్చుకున్నది. 1860లలో ఫ్రాన్సిస్ డే అనే మద్రాసు సైన్యపు డాక్టరు నీలగిరులకి ట్రౌట్ తేవాలని చూసి విఫలమయ్యాడు. కాశ్మీరులో 1900 ప్రాంతంలో మిచెల్ అనే స్కాట్లండ్ ఆయన బ్రౌన్ ట్రౌట్‌ని నిలబెట్టాడు. నీలగిరుల్లో రెయిన్‌బో ట్రౌట్ నిలబడింది హెచ్. సి. విల్సన్ చేతుల మీదుగా, 1907లో. అందరి కోరికా ఒకటే, ఇంటి మీద బెంగ పుట్టినప్పుడు ఇంటి దగ్గర పట్టిన చేపే ఇక్కడా పట్టుకోవాలి. మనకి ఆ బెంగ కూడా లేదే! మరి మనకెందుకు?

"వదిలి చూద్దాం, బతకకపోతే పోతాయి, నష్టమేముంది?" అన్నాడు మా మిత్రుడు చివరికి. సరే, ట్రౌట్ చస్తుంది. నాలుగు వేల ప్రాణాలు పోవడం నష్టం కాదా అన్నది అలా ఉంచుదాం. నా భయం ఆ తర్వాతి మాట గురించి. ట్రౌట్ చచ్చాక "అయితే ఇక్కడ బతికేదేదైనా వదులుదాం" అంటారు. 1952లో తిలాపియాని అలాగే తెచ్చారు, పేదవాడికి చౌకగా చేప దొరుకుతుందని. ఇవాళ ఏ చెరువులో గాలం వేసినా ముందు పడేది ఆ జిలేబి చేపే. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ని 2000లో నిషేధించారు, అయినా ఈ రోజుకీ దొంగచాటుగా పెంచేవాళ్లున్నారు. ఈ పనికి రోల్‌బ్యాక్ లేదు నాయనా. ప్రొడక్షన్‌లోకి తోసేశాక తీయలేని కోడ్ ఇది.

కాదు, ఉంది. ఒకచోట చేశారు. అదే ఒరెగాన్ రాష్ట్రంలో డైమండ్ లేక్ అని ఒక సరస్సుంది. ట్రౌట్‌కి ఎరగా ఎవరో తెచ్చిన చిన్న చేపలు, టూయీ చబ్ అంటారు, అందులో పడి లక్షలకి లక్షలయ్యాయి. ట్రౌట్‌కి తిండి లేకుండా పోయింది, నీళ్లు పాచిపట్టాయి. 1954లో సరస్సంతా రోటెనోన్ అనే విషం కలిపి చేపలన్నిటినీ చంపి మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ ఎవరో అదే చేపని తెచ్చిపడేశారు. 2006లో మళ్లీ విషం. రోల్‌బ్యాక్ అంటే అదీ. మా బాహుదాలో ఆ పని ఎవరు చేస్తారు? బాహుదా మా ఊళ్లో ఆగేది కాదు, పింఛాతో కలిసి చెయ్యేరై పెన్నలో పడేది. పైన వదిలింది కిందికి పోకుండా ఏ ఫైర్‌వాల్ ఆపుతుంది?

ఇక నాకు అన్నిటికన్నా మంట పుట్టించే సంగతి వేరే ఉంది.

చిన్నప్పుడు నేను వెదురు కర్రకి నైలాన్ దారం, జొన్న బెండు కట్టుకుని చెరువు గట్టు మీద కూర్చుంటే మా నాయన చెవి మెలేసి ఇంటికి లాక్కొచ్చేవాడు. "చదువుకోమంటే గాలం పట్టుకుంటావా, పనీపాటా లేని నా కొడకా" అని. ఊళ్లో ఆ మాటకి అర్థం ఒకటే, గాలం పట్టినవాడు చెడిపోయినవాడు. అదే నాయన, నేను ఒరెగాన్ నించి ట్రౌట్ పట్టుకున్న ఫొటో పంపితే ప్రింటు తీయించి హాల్లో పెట్టాడు! ఎవరొచ్చినా చూపిస్తాడు. వెదురు కర్ర కార్బన్ ఫైబర్ అవగానే సోమరితనం కాస్తా హాబీ అయిపోయింది. నా మిత్రుల ట్రౌట్ మోజు వెనక ఉన్నదీ ఇదేనని నా అనుమానం. పట్టేది ట్రౌట్ అయితే స్పోర్ట్, కొర్రమీనైతే కూర. గెండె పట్టేవాణ్ణి చూసి కారు అద్దం ఎత్తేసుకునేవాళ్లే గెండెకి వరసకి చుట్టమైన మాషీర్ కోసం కావేరి ఒడ్డుకి పోతారు.

దొరలకే ఈ చిన్నచూపు లేదు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్. ఎస్. థామస్ 1873లో రాసిన పుస్తకం ది రాడ్ ఇన్ ఇండియా మన వాళ్లు కొందరికి తెలుసు. ఆయనే 1887లో ఇంకోటి రాశాడు, ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా. పేరులోనే ఉంది, చెరువుల్లో గాలం వేయడం గురించి ఏకంగా ఒక పుస్తకం. నూట ముప్పై ఏళ్లు దాటాక మనకి మన చెరువు కనబడటం లేదు.

పోయిన సంక్రాంతికి నా రాడ్డు ఊరికి తీసుకెళ్లాను. మా ఇంటి కోడిపుంజు మెడ ఈకలతో నేనే రెండు ఫ్లైలు చుట్టాను. (పుంజు బతికే ఉంది, కింద రాలినవే ఏరుకున్నాను.) గట్టు మీద నిలబడి దారం వెనక్కీ ముందుకీ తిప్పుతుంటే మా చిన్నాయన కాసేపు చూసి, "ఏమబ్బోడా, ఎద్దులు లేకుండా చర్నాకోల తిప్పతా ఉండావే" అన్నాడు. గంటలో మూడు జిలేబీలు, ఒక గెండె. గెండె చిన్నదే. కానీ అది దారం లాగిన లాగుడికి డెషూట్స్ గుర్తొచ్చింది. ఫ్లై రాడ్డుకి ట్రౌటే కావాలని ఏ శాస్త్రంలోనూ లేదు. పురుగుని తినే చేప ఏదైనా చాలు.

ఆ రోజు నేనూ ఒక తప్పు చేశాను, అదీ చెప్పాలి. మా చెరువులో చేపల హక్కు పాట పాడుకున్నవాళ్లది. డబ్బు కట్టి, పిల్లల్ని కొని వదిలి, వానలు పడక చెరువెండితే నష్టం వాళ్లే మోస్తారు. మా వైపు చెరువు నిండటం ఏటా జరిగే ముచ్చట కాదు కదా. నేను ఎవర్నీ అడగకుండా దిగిపోయాను. ఒరెగాన్‌లో లైసెన్సు లేకుండా నీళ్లలో కాలు పెట్టడానికి భయపడినవాణ్ణి, మా ఊళ్లో నాదే రాజ్యం అనుకున్నాను. ఆయన వచ్చి అరవలేదు. "పట్టి మళ్లీ వదిలేస్తాండావంట, నిజమేనా?" అని మాత్రం అడిగాడు. నిజమే అంటే నా మొహం వైపు అదో రకంగా చూసి, రాడ్డు ఖరీదెంతన్నాడు. చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు. ఆయన ఆ ఏడు పిల్లల మీద పెట్టిన డబ్బు ఎంతో తర్వాత తెలిసింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే సిగ్గేసింది.

ఇప్పుడు వెళ్లినప్పుడల్లా ముందు ఆయన దగ్గరికే పోతున్నాను. జిలేబీలు ఎన్ని పట్టినా ఆయనకే ఇచ్చేయాలి, బొచ్చె, రోహు పడితే వెంటనే వదిలేయాలి, ముల్లు లేని కొక్కెమే వాడాలి. ఇదీ మా ఒప్పందం.

నాలుగు వేల పిల్లల మిత్రుడు నిన్న మళ్లీ వచ్చి, ట్రౌట్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ చెరువు చూపించమన్నాడు. రమ్మన్నాను. బెంగళూరులో తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాలి, ఎందుకంటే చెరువు పాడుకున్నాయన ఆరింటికి ముందే గట్టు మీద ఉంటాడు, ఏడయ్యాక దొరకడు. రాడ్డు ఖరీదు అడిగితే ఏం చెప్పాలో వాడే చూసుకోవాలి.