నేలలో ఇంకిన ఆయిల్‌ను తినే బ్యాక్టీరియా.. రేణిగుంట లాంటి ఊళ్లకు పనికొస్తుందా?

రేణిగుంట అంటేనే బండ్లు ఆగే ఊరు. గుంతకల్లు-చెన్నై, గూడూరు-కాట్పాడి రైలు మార్గాలు కలిసేది ఇక్కడే. పైగా చెన్నై, కడప రూట్ల లారీలు. ఇలాంటి ఊళ్లలో మెకానిక్ షెడ్ల ముందు నల్లబడిన మట్టి మామూలే. కానీ అది ఉత్త మరక కాదు. వాడేసిన ఇంజన్ ఆయిల్‌లోని విష హైడ్రోకార్బన్లు వానకు నేలలోకి దిగితే బోరు నీళ్లకే ముప్పు. దీనికి మందు కూడా మట్టిలోనే ఉంది.

ఎలా పనిచేస్తుంది?

సూడోమోనాస్, రోడోకాకస్ లాంటి నేల బ్యాక్టీరియాకు హైడ్రోకార్బన్లే తిండి. ఆక్సిజన్ సాయంతో వాటిని ముక్కలు చేసి, చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరుగా మార్చేస్తాయి. ఢిల్లీలోని టెరి సంస్థ ఇలాంటి బ్యాక్టీరియాను మొక్కజొన్న కండెల పొడిలో కలిపి 'ఆయిల్‌జాపర్' తయారుచేసింది. రిఫైనరీల ఆయిల్ బురదపై దీన్ని వాడారు. 2017 జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూర్‌లో రెండు ఓడలు ఢీకొని ఆయిల్ ఒలికినప్పుడు కూడా, తీరంలో ఎత్తిన బురదను బ్యాక్టీరియాతోనే శుద్ధి చేశారు.

పొడి చల్లితే అయిపోదు

బ్యాక్టీరియా బతకాలంటే గాలి, తేమ, నత్రజని, భాస్వరం కావాలి. రాయలసీమ ఎండకు మట్టి ఎండిపోతే పని ఆగిపోతుంది. అందుకే మట్టిని తిరగేస్తూ, తడుపుతూ నెలల తరబడి చూసుకోవాలి. డీజిల్ లాంటివి త్వరగానే కరుగుతాయి, తారు లాంటి బరువైన పదార్థాలకు చాలాకాలం పడుతుంది. వాడిన ఆయిల్‌లోని సీసం లాంటి లోహాలనైతే ఏ బ్యాక్టీరియా మాయం చేయలేదు.

రూల్స్ ఏమంటున్నాయి?

కలుషిత స్థలాలపై కేంద్రం 2025 జులైలో కొత్త రూల్స్ తెచ్చింది. అనుమానం ఉన్న చోట్ల వివరాలను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి ఇవ్వాలి. కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమికంగా తేల్చాలి. శుద్ధి ఖర్చు కాలుష్యం చేసినవాళ్లదే. అయితే దేశంలో 103 కలుషిత ప్రాంతాలను గుర్తిస్తే, ఈ రూల్స్ వచ్చేనాటికి 7 చోట్లే శుద్ధి మొదలైంది.

అసలు చిక్కు ఇక్కడే. పెద్ద కంపెనీ అయితే బాధ్యులెవరో తెలుస్తుంది. వందల షెడ్ల నుంచి చుక్కచుక్కగా పడిన ఆయిల్‌కు ఎవరిని అడగాలి? అందుకే ముందు వాడిన ఆయిల్‌ను డబ్బాల్లో పట్టి రీసైక్లింగ్‌కు పంపాలి. ఆ తర్వాత మట్టి, బోరు నీళ్ల టెస్టులు. బ్యాక్టీరియా వంతు వచ్చేది ఆ తర్వాతే. పైన ఆయిల్ పడుతూనే ఉంటే, కింద ఎన్ని బ్యాక్టీరియా ఉన్నా లాభం లేదు.