బంధపద్యానికి తెరపట్టు చాలదు



పద్యప్రియులు కొందరు పద్మబంధాలు, నాగబంధాలు, ఛురికాబంధాలు స్వయంగా రచించి, కంప్యూటరులో బొమ్మ గీసి, అక్షరాలు పొదిగి మిత్రులకు పంపుతున్నారు. నంది తిమ్మన తన పారిజాతాపహరణంలో చోటిచ్చిన చిత్రకవిత్వం మరల చిగురించడం చూస్తే కడుపు నిండినట్లుంటుంది. సీసపు అక్షరాల కాలంలో ఇటువంటి పద్యం అచ్చు కావాలంటే చిత్రకారుని చేత గీయించి, బ్లాకు చేయించి, ఆ వ్యయాన్ని భరించవలసి వచ్చేది. నేడు ఆ బాధ లేదు.

అయితే గీసిన బొమ్మను దాచే పద్ధతి విషయంలో నాకు గట్టి అభ్యంతరమే ఉంది. చాలామంది ప్రింట్‌స్క్రీన్ మీట నొక్కి, తెరమీద కనబడినదానిని జేపెగ్ చిత్రంగా దాచి, పని ముగిసిందనుకుంటున్నారు. పద్యం చెడేది అక్కడే.

1992లో ప్రమాణంగా స్థిరపడిన జేపెగ్ ఛాయాచిత్రాలకోసం పుట్టినది. అది చిత్రాన్ని నిలువునా అడ్డంగా ఎనిమిదేసి చుక్కల చదరాలుగా కోసి, ఒక్కొక్క చదరంలో కంటికి అంతగా ఆనని సూక్ష్మవివరాలను విసర్జిస్తుంది. మబ్బులోనో, చెట్టుకొమ్మలోనో ఆ నష్టం మనకు తెలియదు. అక్షరం సంగతి వేరు. తెల్లని నేలమీద నల్లని గీత ఉన్నట్టుండి మొదలై ఉన్నట్టుండి ముగుస్తుంది. ఆ అంచు దగ్గరే మసకమరకలు పుడతాయి. ఎర్రని అక్షరాలైతే మరీ కష్టం. వెలుగునీడలకంటె రంగుల వివరాన్ని ఎక్కువగా కుదించడం జేపెగ్‌లో పరిపాటి. పైగా ఆ చిత్రాన్ని తెరచి, సవరించి, మరల దాచిన ప్రతిసారీ మరికొంత పోతుంది.

మన లిపికి ఈ మసక ఎంత ప్రమాదమో చూడండి. పకారానికీ ఫకారానికీ భేదం అడుగున ఒక్క చిన్న గీత. దకార ధకారాలకూ అంతే. రకారానికి నడుమ చుక్క పెడితే ఠకారం. నాలుగు చేతులు మారిన చిన్న బొమ్మలో ఆ గీత, ఆ చుక్క చెదిరితే ఫలము పలమవుతుంది, అనగా పండు మాంసమవుతుంది! పాఠము పారమవుతుంది. మామూలు పద్యంలో సందర్భాన్ని బట్టి, ప్రాసను బట్టి చదువరి సర్దుకుంటాడు. బంధంలో ఆ వెసులుబాటు తక్కువ. పద్మబంధంలో కర్ణికలోని అక్షరం ఒక్కసారే వ్రాస్తాము. దళదళానికీ దానిని కలుపుకొని మరల మరల చదవాలి. ఆ ఒక్క అక్షరం చెడితే చెడేది ఒక్క పాదం కాదు. మహాప్రాణం అల్పప్రాణమైతే కవికి వ్యాకరణం రాదని చదువరి అనుకుంటాడు. ఆ అపకీర్తి మోసేది కవే కాని జేపెగ్ కాదు.

కనుక తెరపట్టు తీయక తప్పనప్పుడు పీఎన్‌జీగా దాచండి. 1996లో వెలువడిన ఈ పద్ధతిలో ఒక్క చుక్క కూడా మారదు. 1920 × 1080 చుక్కల తెరను కుదించకుండా దాచితే 62 లక్షల బైట్లు దాటుతుంది. తెల్లని నేల ఎక్కువగా ఉన్న మన బంధచిత్రాన్ని పీఎన్‌జీ అందులో స్వల్పభాగానికి కుదిస్తుంది. జేపెగ్‌లోనే నాణ్యత 100 పెట్టుకుంటే సరిపోదా అని ఒక మిత్రుడు వాదించాడు. నష్టం తగ్గుతుంది, సున్న కాదు, ఫైలూ పెరుగుతుంది. ఇక ఆ తంటా ఎందుకు?

నిజానికి పీఎన్‌జీ తెరపట్టు కూడా నాకు రెండవ పక్షమే. తెర చూపినన్ని చుక్కలే అందులో ఉంటాయి. తెరలో మూడవవంతు, అంటే 640 చుక్కలు ఆక్రమించిన పద్మాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేస్తే రెండంగుళాలకు కాస్త పైన వస్తుంది. సంచికకు పంపితే సంపాదకుడు దానిని సాగదీయక ఏం చేస్తాడు? బొమ్మ గీసిన అనువర్తనంలోనే ఎగుమతి అనే సదుపాయం ఉంటుంది. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో అంగుళానికి ఎన్ని చుక్కలు కావాలో మనమే చెప్పి పీఎన్‌జీ తీయవచ్చు. తెర ఎంత చిన్నదైనా ఆటంకం లేదు.

మూలప్రతిని మాత్రం ఎస్‌వీజీగా అట్టేపెట్టండి. అందులో గీతలు గీతలుగా, అక్షరాలు యూనికోడు అక్షరాలుగా నిలుస్తాయి. ఎంత పెంచినా అంచు చెదరదు. దీనికొక చిక్కు లేకపోలేదు. అవతలివారి యంత్రంలో మన ఖతి లేకపోతే వేరొక ఖతి వచ్చి కూర్చుంటుంది, అక్షరాలు గడి దాటుతాయి. అక్షరాలను గీతలుగా మార్చి పంపితే ఆకారం నిలుస్తుంది కాని అవిక అక్షరాలు కావు, వెదికితే దొరకవు. అందువల్ల నేను మార్చనిది నా దగ్గర ఉంచుకొని, మార్చినది పంపుతాను.

బొమ్మ ఏ రూపంలో ఉన్నా దాని క్రింద పద్యాన్ని యూనికోడులో పూర్తిగా వ్రాయడం మరువకండి. 1991 నాటి తొలి యూనికోడులోనే తెలుగుకు చోటు దొరికింది. ఇన్నేళ్ల తరువాత మన పద్యాన్ని మనమే బొమ్మలో బంధించి, వెదికేవారికి దొరకకుండా, చూపులేనివారికి యంత్రం చదివి వినిపించే వీలు లేకుండా చేయడం ఏం న్యాయం? వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా పంపితే అది మరల కుదించి, మీరు కాపాడిన గీతను దారిలో చెరిపినా చెరుపుతుంది.