పానా ఇటివ్వండి

పాత లూనాల మీద మగవాళ్ళకి ఈమధ్య పుట్టుకొచ్చిన ప్రేమ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. 1972లో కైనెటిక్ వాళ్ళు తెచ్చిన ఆ 50 సీసీ మోపెడ్‌ని ఆడవాళ్ళ బండి అని వెక్కిరించిన నోళ్ళే ఇవాళ ‘అపురూపం’ అంటున్నాయి!

మా పిన్ని పదిహేనేళ్ళు స్కూలుకి నడిపిన లూనాని మావారూ, మా మరిదీ వసారాలో విప్పి పరిచారు. నేనూ మా అమ్మాయీ చెయ్యి వేయబోతే “మీకు తెలీదు, టీ పట్రండి” అన్నారు.

ఏం తెలీదండీ? కార్బురేటర్లో జెట్టు పూడితే బండి కదలదు. పంపు స్టవ్వుని పిన్నుతో పొడిచి పొడిచి వంటచేసిన అమ్మల కూతుళ్ళకి ఆ సంగతి వేరే చెప్పాలా? (జెట్టుని మాత్రం పిన్నుతో పొడవకండి. కంత పెద్దదై పెట్రోలు తాగేస్తుంది. నానబెట్టి, సైకిలు పంపుతో గాలి కొట్టండి చాలు.) ప్లగ్గు మసి గరుకు కాయితంతో రుద్దడం అట్లపెనం తోమడంకంటే కష్టమా? పెట్రోల్లో ఆయిలు పాళ్ళు కలపడం ఆవకాయ కలిపే చేతికి ఒక లెక్కా?

ఇంజను తీసేసి బ్యాటరీ మోటారు పెడదామంటాడు మా మరిది. 2024లో ఈ-లూనాయే వచ్చింది కదా, పెట్టుకోనీండి, పొగ వదులుతుంది. ఆర్టీవో అనుమతి తలనొప్పి ఆయనే పడతాడు. కానీ పెడళ్ళు తీస్తానంటే ఊరుకోను. దారిలో పెట్రోలైపోతే మా పిన్ని ఎవర్నీ బతిమాలకుండా ఇల్లు చేరింది వాటితోనే.

తయారయ్యాక హాల్లో అలంకారంగా నిలబెడతార్ట! మా అమ్మాయి దానిమీదే కాలేజీకి వెళుతుంది. పది నంబరు పానా ప్రస్తుతం దాని దగ్గరే ఉంది. కావలసినవాళ్ళు అడిగి తీసుకోండి.