కొటేషన్ల నడుమ మాట

తెలుగు చెప్పే లెక్చరరుకు కంప్యూటరు గదిలో ఏమి పని అని మిత్రులు అడుగుతున్నారు. పని ఉన్నది. అక్కడ మన విద్యార్థులు తడబడుతున్న చోటు వ్యాకరణానికి సంబంధించినదే.

మొన్న ఒక విద్యార్థి తన తండ్రి గనిలో చేసిన రాత్రి షిఫ్టుల లెక్కను ఒక ఫైలులో వ్రాసి, దానికి ఇంగ్లీషు అక్షరాలలో ‘నైట్’ అని పేరు పెట్టాడు. పైథాన్ ప్రోగ్రాముతో దానిని తెరవబోతే తెరుచుకోలేదు. ఫైలు కళ్ళెదుటే ఉన్నది! పేరు సరిగా టైపు చేయలేదని నేనే అతనిని కోప్పడ్డాను. కాని తప్పు అతని వ్రేళ్ళది కాదు. డ్రైవు పేరుకూ ఫైలు పేరుకూ నడుమ ఎడమకు వాలిన గీత (\) ఉంటుంది. దాని వెంట ‘ఎన్’ అక్షరం వస్తే, ఆ రెంటినీ కలిపి ‘ఇక క్రొత్త పంక్తి’ అని పైథాన్ గ్రహిస్తుంది. పేరులోని తొలి అక్షరం మాయమై, మిగిలినవి మరుసటి పంక్తిలో పడ్డాయి. 1970 దశకంలో డెనిస్ రిచీ రూపొందించిన సి భాషలోనే ఈ గీతకు ఆ పని ఉన్నది. 1983లో వచ్చిన ఎం.ఎస్. డాస్ రెండవ కూర్పు అదే గీతను ఫోల్డర్లను వేరుచేయటానికి నియమించింది. ఒకే కూలీకి ఇద్దరు యజమానులు!

కొటేషన్ల నడుమ వ్రాసిన అక్షరాల వరుసనే స్ట్రింగు లిటరల్ అంటారు. దాని అర్థంతో యంత్రానికి నిమిత్తం లేదు. వాటి నడుమ 2+2 అని వ్రాస్తే నాలుగు రాదు, 2+2 అనే వస్తుంది. ఇందులో వింత ఏమున్నది? వ్యాకరణంలో శబ్దం తన స్వరూపాన్నే తెలుపుతుందని పాణిని అష్టాధ్యాయిలో ఏనాడో సూత్రీకరించాడు. ‘అగ్ని’కి ప్రత్యయం చేర్చమంటే మండే బొగ్గుకు ఎవరూ చేర్చరు గదా! మన తెలుగులో ‘అని’ చేసేదీ ఈ పనే. ‘రాను అని చెప్పాడు’ అన్నప్పుడు పరుల మాట అక్కడితో ముగిసిందని ‘అని’ తెలుపుతుంది. ఆ మాట ఎక్కడ మొదలైనదో వినేవాడు ఊహించుకొంటాడు. యంత్రానికి ఊహ లేదు.

"నాన్న "నైట్ షిఫ్టు" అన్నాడు" అని వ్రాస్తే రెండవ గుర్తు దగ్గరే మాట ముగిసిందని అది భావిస్తుంది. "నాన్న \"నైట్ షిఫ్టు\" అన్నాడు" అని వ్రాయాలి. గీత చెప్పేది ఒక్కటే: నా తరువాతి గుర్తును మామూలు అర్థంలో తీసుకోవద్దు. అందుకే ఉత్త ‘ఎన్’ పంక్తిని మారుస్తుంది, మాటను ముగించవలసిన కొటేషను ఉత్త గుర్తుగా మిగులుతుంది. గీతే కావలెనంటే రెండు గీతలు వ్రాయాలి. మరునాడు ఆ విద్యార్థి అలాగే వ్రాశాడు, ఫైలు తెరుచుకొన్నది. అతనికి ఏమి చెప్పాలో నాకు తోచలేదు.

ఇంతటి విషయాన్ని ఒక పట్టికగా ఇచ్చి వల్లె వేయిస్తున్నాము. పదవ తరగతి వరకు తెలుగులోనో ఉర్దూలోనో చదివిన గనికార్మికుల పిల్లలు ఆ పట్టికను చూసే ‘ఇది మనవల్ల కాదు’ అని వెనుదిరుగుతున్నారు. 2008లో వచ్చిన పైథాన్ మూడవ కూర్పు మన లిపులను నేరుగా స్వీకరిస్తుంది. "రామగుండం" అని వ్రాసి పొడవు అడిగితే ఎనిమిది అంటుంది. మనం పలికే అక్షరాలు నాలుగే. గుణింతపు గుర్తులనూ సున్నలనూ అది విడివిడిగా లెక్కిస్తుంది. ఉర్దూ వాక్యం తెర మీద కుడినుండి ఎడమకు నడిచినా, లోపల మాత్రం చదివే వరుసలోనే నిలిచి ఉంటుంది. ఈ రెండు ప్రయోగాలూ చాలు, గంటసేపు పిల్లలు కదలరు.

కనుక కమిటీ పెద్దలకు నా మనవి: వచ్చే సంవత్సరం మొదటి నెల ప్రాక్టికల్సులో వారానికొక గంట తెలుగు, ఉర్దూ లెక్చరర్లను కూడా ఆ గదిలో కూర్చోనివ్వండి. అదనపు జీతం అడగము.