భయానక చిత్రములు – సమీక్షకుని ధర్మము

భయమును, హింసను ప్రధానముగా చిత్రించు సినిమాలను సమీక్షించుట మిక్కిలి చిక్కైన పని. హాస్యచిత్రము నవ్వించినదా లేదా యని చెప్పినచో సగము సమీక్ష ముగిసినట్లే. భయానకచిత్రము విషయమున అట్లు కాదు. అది భయపెట్టినదని చెప్పినంత మాత్రమున సమీక్ష మొదలైనట్లు కూడ కాదు. దేనికొరకు భయపెట్టినది, ఏ విధముగా భయపెట్టినది, ఎవరిని భయపెట్టినది అను మూడు ప్రశ్నలకు సమీక్షకుడు సమాధానము వెదకవలసియున్నది. ఈ ప్రశ్నలను విడిచి, తన మనస్సున కలిగిన ఏవగింపునే తీర్పుగా ప్రకటించినచో ఎంతటి అన్యాయము జరుగునో చలనచిత్ర చరిత్రయే చెప్పుచున్నది.

1960వ సంవత్సరము ఏప్రిలు నెలలో లండను నగరమున ‘పీపింగ్ టామ్’ అను చిత్రము విడుదలయ్యెను. దాని దర్శకులు మైకేల్ పవెల్. ఆయన అంతకు పూర్వమే ఎమెరిక్ ప్రెస్‌బర్గర్‌తో కలిసి ‘బ్లాక్ నార్సిసస్’ (1947), ‘ది రెడ్ షూస్’ (1948) మొదలగు చిత్రములను నిర్మించి బ్రిటిషు సినిమాకు కీర్తి తెచ్చినవారు. ‘పీపింగ్ టామ్’ కథలో మార్క్ లూయిస్ అను యువకుడు స్టూడియోలో కెమేరా సహాయకుడు. కెమేరాను నిలుపు ముక్కాలిపీటలో దాచిన కత్తితో అతడు స్త్రీలను చంపుచు, చావబోవు వారి ముఖములందలి భీతిని ఫిల్ముపై బంధించుచుండును. అతని తండ్రి మానసిక శాస్త్రజ్ఞుడు. భయమెట్లు పుట్టునో తెలిసికొనుటకు ఆ తండ్రి పసివాడైన కుమారునే పరీక్షా వస్తువుగా చేసికొని, వానిని భయపెట్టుచు, ఆ ఏడుపును చిత్రములు తీసియుండెను. హంతకుడు ఆ తండ్రి చేతిలో తయారైన వాడు. ఇతరుల బాధను తీరికగా చూచుట ఎంత క్రౌర్యమో ఆ కథ అడుగుచున్నది. హాలులో కూర్చుండి చూచుచున్న ప్రేక్షకుని కూడ ఆ ప్రశ్న విడిచిపెట్టదు.

లండను విమర్శకులలో పెక్కుమంది ఈ సంగతిని గుర్తింపలేదు. ఒకరు ఆ చిత్రమును ఊడ్చి మురుగుకాలువలో పారవేయవలెనని వ్రాసిరి. అచిరకాలములోనే చిత్రము ప్రదర్శనశాలలనుండి తొలగిపోయెను. పవెల్‌కు స్వదేశమున అవకాశములు సన్నగిల్లెను. మార్టిన్ స్కోర్సెసీ పూనికతో 1979లో న్యూయార్కు చలనచిత్రోత్సవమున దానిని మరల ప్రదర్శించిన పిమ్మట క్రమముగా దాని విలువ లోకమునకు తెలిసివచ్చెను. 1990లో పవెల్ మరణించిరి. 1960లో ఆ చిత్రమును నిందించినవారిలో ‘సండే టైమ్స్’ విమర్శకురాలు డిలిస్ పవెల్ ఒకరు. దర్శకునితో ఆమెకు ఇంటిపేరు కలియుటయే గాని బంధుత్వము లేదు. ఆమె 1994లో, అదే పత్రికలో, తన మొదటి తీర్పు సరియైనది కాదని బహిరంగముగా ఒప్పుకొనిరి. ముప్పదినాలుగేండ్ల తరువాత అట్లు వ్రాయుటకు ధైర్యము కావలెను. ఆమె నిజాయితీ మెచ్చదగినది. కాని ఆ మాటను చదివి సంతసించుటకు దర్శకులు జీవించిలేరు.

ఆ విమర్శకుల పొరపాటు ఎచ్చటనున్నది? కథావస్తువును చూచి వారు కథకుని ఉద్దేశమును నిర్ణయించిరి. హంతకుని మనస్సును విప్పి చూపుటను హంతకుని మన్నించుటగా ఎంచిరి. సాహిత్య విద్యార్థులు ఇట్టి పొరపాటు చేయరు. సౌప్తికపర్వమున అశ్వత్థామ నిద్రించుచున్న ఉపపాండవులను వధించిన ఘట్టమును తిక్కన తెనిగించెను. అందుచేత ఆ మహాకవిని హింసాప్రియుడని ఏ ఉపాధ్యాయుడును బోధింపడు. ఆ వధ ఏ శోకమునకు, ఏ శాపమునకు దారితీసెనో చూచి అర్థము చెప్పును. గ్రంథమునకు చూపు ఈ న్యాయమును తెరకు కూడ చూపవలెను. దేనికొరకు భయపెట్టినది అను మొదటి ప్రశ్నకు అర్థమిదియే.

రెండవ ప్రశ్న విధానమునకు సంబంధించినది. భరతుడు నాట్యశాస్త్రమున భయానకమును, బీభత్సమును వేర్వేరు రసములుగా పేర్కొనెను. మొదటిదానికి స్థాయిభావము భయము, రెండవదానికి జుగుప్స. యుద్ధము, మరణము, నగర ముట్టడి వంటివానిని అంకమున ప్రత్యక్షముగా చూపక ప్రవేశకముల ద్వారా సూచింపవలెనని కూడ ఆ శాస్త్రము విధించెను. నేటి సినిమా ఆ నియమమునకు కట్టుబడినది కాదు. అయినను భయమునకు, జుగుప్సకు గల భేదమును తెలిసికొనుటకు ఇంతకంటె మంచి కొలమానము దొరకదు. రానున్న కీడును ఊహించునపుడు భయము కలుగును. గాయమును కన్నులయెదుట పరచినపుడు జుగుప్స కలుగును.

జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన ‘ఎమ్’ అను చిత్రము బాలికలను చంపు ఒక హంతకుని కథ. అందు ఎల్సీ అను బాలిక హత్య తెరపై కనబడదు. తల్లి భోజనము సిద్ధముచేసి కుమార్తె పేరు పెట్టి పిలుచును. మెట్లపై ఎవరును లేరు. బల్లపై ఖాళీ కంచము. పొదల చాటునుండి ఒక బంతి గడ్డిపైకి దొర్లివచ్చి ఆగును. ఆమెకు హంతకుడు కొనియిచ్చిన బుడగ తీగెలలో చిక్కుకొని ఊగును. అంతటితో ప్రేక్షకునికి సర్వము తెలియును. తొంబది సంవత్సరములు గడచినను ఆ ఖాళీ కంచము కలిగించు దిగులు తగ్గలేదు.

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ‘సైకో’ కూడ 1960లోనే వచ్చెను. స్నానశాలలో జరుగు హత్య ముప్పాతిక నిమిషమునకు మించదు. దానిని యాభైకి పైగా ముక్కలుగా కూర్చిరి. చిత్రము నలుపు తెలుపులలో తీసినది. కత్తి దేహములో దిగుటను చూచితినని ప్రేక్షకుడు ప్రమాణము చేయును. తెరపైనున్నవి చాలవరకు ఎత్తిన చేయి, కారుచున్న నీరు, కేకవేయుచున్న ముఖము. తక్కినది బెర్నార్డ్ హెర్మన్ కూర్చిన తంత్రీవాద్యముల ధ్వని. ఈ చిత్రము ముగియకముందే లండను విమర్శకురాలు సి.ఏ. లెజూన్ లేచిపోయిరి. న్యూయార్కు టైమ్స్ విమర్శకులు బోస్లీ క్రౌథర్ మొదట పెదవి విరిచినను, సంవత్సరాంతమున తమ ఉత్తమ చిత్రముల పట్టికలో దానిని చేర్చుకొనిరి. నచ్చనిచో మధ్యలో లేచిపోవు స్వేచ్ఛ టిక్కెట్టు కొన్నవానికి కలదు. తీర్పు వ్రాయవలసిన వానికి ఆ స్వేచ్ఛ లేదు.

ఇందుకు ఎదురుగా మరియొక దోషమున్నది. రక్తమెంత పారినది, ఎందరు చచ్చిరి, ఎంత వినూత్నముగా చచ్చిరి అని లెక్కించి మార్కులు వేయు సమీక్షకులు నేడు అన్ని భాషలలోను ఉన్నారు. ఏవగించుకొని కన్నులు మూసికొన్న పాతకాలపు విమర్శకుడును, ఉత్సాహముతో శవములను లెక్కించు ఈ నవీనుడును ఒకే తప్పు చేయుచున్నారు. ఇరువురును రక్తమును మాత్రమే చూచిరి. చంపబడిన మనిషిని చూడలేదు. మరణించిన పాత్రకు ఒక జీవితమున్నదని ప్రేక్షకునికి తోపింపజేసిన చిత్రమునకును, శవముగా మారుటకే పాత్రను పుట్టించిన చిత్రమునకును గల అంతరమును చెప్పుటయే సమీక్ష చేయవలసిన ముఖ్యకార్యము.

మూడవ ప్రశ్న ఉపాధ్యాయులకు మిక్కిలి దగ్గరైనది. జార్జి రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అమెరికాలో 1968 అక్టోబరులో విడుదలయ్యెను. వయస్సును బట్టి చిత్రములను వర్గీకరించు పద్ధతి అచ్చట మరుసటి నెలలో ఆరంభమయ్యెను. చికాగో సన్-టైమ్స్ పత్రికలో యువ సమీక్షకులు రోజర్ ఈబర్ట్ 1969 జనవరిలో ఆ చిత్రమును గూర్చి వ్రాయుచు, తెరతోపాటు హాలును కూడ వర్ణించిరి. పగటి ఆటకు వచ్చినవారిలో చాలమంది పిల్లలు. మొదట కేరింతలు కొట్టిన ఆ పిల్లలు క్రమముగా మౌనము వహించిరి. ఒక చిన్న బాలిక కదలక కూర్చుండి ఏడ్చుచుండెను. చిత్రనిషేధము దీనికి మందు కాదనుచునే, పసివారికి దానిని చూపుట హక్కుల పేరిట సమర్థింపదగినది కాదని ఆయన తేల్చిరి. తరువాత 1999లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండారమునకు ఎంపికైన చిత్రములలో అదియు ఒకటి. అది గొప్ప చిత్రమనుట సత్యము. ఆ బాలిక దానిని చూడకుండవలసినదనుటయు సత్యము. ఈ రెండు సత్యములను ఒకే వ్యాసమున చెప్పగలవాడే సమర్థుడైన సమీక్షకుడు.

మన దేశమున 2024లో వచ్చిన నియమములు యూఏ వర్గమును ఏడు, పదమూడు, పదునారు ఏండ్ల వయస్సులను బట్టి మూడు తరగతులుగా విభజించినవి. సినిమాహాలు ద్వారమున టిక్కెట్టు చించువాడు పిల్లవానిని ఆపినను ఆపవచ్చును. ఇంట చేతిలోనున్న ఫోనుకు ద్వారపాలకుడు లేడు. కొరియా చిత్రమైనను, స్పెయిను చిత్రమైనను ఒక్క వ్రేలి తాకిడితో తెరచుకొనుచున్నది. కావున ఇట్టి చిత్రములను చూడవలదని శాసించుటతో ఉపాధ్యాయుని బాధ్యత తీరదు; విద్యార్థి చాటున చూచును, చూచినదానిని గూర్చి ఎవరితోను మాటలాడడు. మాటలాడని భయము మనస్సున మిగిలిపోవును, లేదా మొద్దుబారి పోవును. రెండును మంచివి కావు.

తరగతిలో పై చదువుల విద్యార్థులచేత ఒక చిత్రమునకు సమీక్ష వ్రాయించుట వ్యాసరచనకు మంచి అభ్యాసము. బాగున్నది, బాగులేదు అను రెండు మాటలతో ఆగక, దేనికొరకు, ఏ విధముగా, ఎవరిని అను మూడు ప్రశ్నలను వారు వేసికొనునట్లు చేయవలెను. హత్యను తెరపై చూచి పిల్లవాడు కత్తినిగూర్చి వ్రాసెనా, ఖాళీ కంచము ఎదుట నిలిచిన తల్లినిగూర్చి వ్రాసెనా యని ఉపాధ్యాయుడు గమనింపవలెను. మొదటి రకపు వ్యాసము వ్రాసిన విద్యార్థిని దండింపనక్కరలేదు. ఆ తల్లి ఏమైనదని అడిగిన చాలును.